నడిసముద్రంలో తుపాను పట్టుకుంటే...



ఈవేళ మనం చెప్పుకోబోయే సంగతి వంటింటికీ వాకిలికీ కాస్త దూరమైనదే. తెరచాప నావ మీద నెలల తరబడి మహాసముద్రాలు దాటేవాళ్ళు దారిలో తుపాను వస్తే ఏం చేస్తారు? ఎలా బతికి బయటపడతారు? "మనకెందుకమ్మా ఈ గొడవ" అంటారేమో. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళి వచ్చేవాళ్ళం. అంతర్వేది తీర్థానికి వెళ్ళి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు చూసి వచ్చేవాళ్ళం. పల్లిపాలెంలో ఎందరో తల్లుల బిడ్డలు రోజూ వేటకు వెళుతుంటారు. గాలి సంగతి, కెరటం సంగతి మనకు కాక ఎవరికి కావాలి చెప్పండి?

ముందుగా ఒక నిజమైన ప్రయాణం గురించి చెబుతాను. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి "తారిణి" అనే తెరచాప నావ బయలుదేరింది. పొడుగు సుమారు 55 అడుగులు, అంటే ఒక మోస్తరు పెంకుటిల్లంత. అందులో ఉన్న ఆరుగురూ ఆడవాళ్ళే, మన నౌకాదళంలో ఆఫీసర్లు. నాయకురాలు వర్తికా జోషి. తక్కినవారు ప్రతిభా జమ్వాల్, పి. స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, విజయాదేవి, పాయల్ గుప్తా. వీరిలో స్వాతిది మన విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండులో లిటిల్టన్, దక్షిణ అమెరికా కొస దగ్గర ఫాక్లాండ్ దీవులు, ఆఫ్రికా కొసన కేప్ టౌన్ — ఇలా భూగోళాన్ని పూర్తిగా చుట్టి 2018 మే 21న గోవాకు తిరిగి వచ్చారు. మొత్తం 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. మన లెక్కలో నలభై వేల కిలోమీటర్లు.

ఆ దారిలో అన్నిటికన్నా గడ్డు భాగం న్యూజిలాండుకూ ఫాక్లాండ్ దీవులకూ మధ్యనున్న పసిఫిక్ మహాసముద్రం. అక్కడ వాళ్ళను పట్టుకున్న తుపానులో గాలి 60 నాట్లు దాటింది, కెరటాలు 7 మీటర్ల ఎత్తుకు లేచాయి. నాట్లంటే మన వరినాట్లు కాదండోయ్! సముద్రం మీద వేగాన్ని కొలిచే లెక్క అది. ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 60 నాట్లంటే గంటకు 111 కిలోమీటర్లన్నమాట. ఏడు మీటర్ల కెరటమంటే రెండంతస్తుల డాబా ఎత్తు. అలాంటి నీటిగోడలు ఒకదాని వెనుక ఒకటి వస్తూంటే, పెంకుటిల్లంత నావ వాటి మీదికి ఎక్కుతూ దిగుతూ పోవాలి. అదీ పూటా రెండు పూటలూ కాదు. కొన్నిసార్లు రోజుల తరబడి.

అక్కడ అంత పెద్ద కెరటాలు ఎందుకు లేస్తాయి? కెరటాన్ని పెంచేది గాలి. ఎంత బలమైన గాలి, ఎంతసేపు, ఎంత దూరం అడ్డు లేకుండా వీచిందీ అన్న మూడింటి మీదా దాని ఎత్తు ఆధారపడుతుంది. భూగోళానికి దక్షిణాన నలభయ్యో అక్షాంశం దాటితే నేల దాదాపు లేదు. గాలి పడమటి నుంచి తూర్పుకు అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతూనే ఉంటుంది. అందుకే నావికులు ఆ చోటును "గర్జించే నలభైలు" అంటారు. దక్షిణ అమెరికా చివర ఉన్న కేప్ హార్న్ ఇంకా కిందికి, 56వ అక్షాంశం దగ్గర ఉంది. ఆ మలుపును మనవాళ్ళు 2018 జనవరిలో దాటారు.

సరే, తుపాను వస్తోందని ముందు తెలిసేదెలా? ఈనాడు ఉపగ్రహాల ద్వారా నావలోకే వాతావరణ పటాలు వస్తాయి. అయినా అనుభవమున్న నావికులు భారమితిని చూడటం మానరు. గాలి బరువును కొలిచే పరికరమది. మామూలు రోజుల్లో ముల్లు 1013 మిల్లీబార్ల చుట్టుపక్కల ఉంటుంది. మూడు గంటల్లో ఆరు మిల్లీబార్లకు మించి పడిపోయిందంటే పెద్దగాలి ముంచుకొస్తోందని గుర్తు. దానికి తోడు ఆకాశంలో మబ్బుల తీరు మారుతుంది, దూరం నుంచి పొడుగాటి కెరటాలు గాలి కన్నా ముందే వచ్చి చేరతాయి. తారిణి అమ్మాయిలు ఈ కబుర్లు అందుకోవడమే కాదు, తాము ఉన్న చోట గాలి, కెరటం ఎలా ఉన్నాయో కొలిచి మన వాతావరణ శాఖకు పంపుతూ వచ్చారు. ఓడలు అరుదుగా తిరిగే ఆ చోట అలాంటి సమాచారం దొరకడమే కష్టం.

తుపాను ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేని ఉపాయం ఒకటుంది. బైజ్ బాలట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు 1857లో చెప్పిన సూత్రమిది. మన వైపు, అంటే భూమధ్యరేఖకు ఉత్తరాన, గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను నడిబొడ్డు మన ఎడమచేతి వైపున ఉంటుంది. దక్షిణాన అయితే కుడిచేతి వైపు. ఎందుకంటే మన దగ్గర తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, అక్కడ ముల్లుతోపాటు తిరుగుతుంది. "సైక్లోన్" అనే ఇంగ్లీషు మాటను పుట్టించింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. పాము చుట్టలాగా గాలి చుట్టుకుంటుందని ఆ పేరు పెట్టాడు. నావికుల కోసం తుపానుల పుస్తకం రాసిన ఆయన, 1789లో మన కోరంగిని ముంచిన ఉప్పెన గురించి కూడా రాశాడు. చూశారా, ఈ శాస్త్రం పుట్టుకలో మన గోదావరి తీరం కన్నీళ్ళు కూడా కలిసి ఉన్నాయి.

ఇక తుపాను వస్తోందని తెలిశాక నావలో జరిగే పనులు చూద్దాం. మొదటిది తెరచాపను తగ్గించడం. ఇక్కడొక లెక్క గుర్తుంచుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 20 నాట్ల గాలి 60 నాట్లకు పెరిగితే తోపు తొమ్మిది రెట్లు! అప్పుడు తెరచాప నిండుగా ఉంటే గుడ్డ చిరగడమో, కొయ్య విరగడమో, నావ ఒరిగిపోవడమో జరుగుతుంది. కాబట్టి గాలి పెరిగే కొద్దీ తెరచాపను కింద నుంచి మడిచి కట్టి చిన్నది చేస్తారు. ఆఖరికి పెద్దది పూర్తిగా దించేసి, మందమైన గుడ్డతో కుట్టిన చిన్న తుపాను చాప ఒక్కటే ఎత్తుతారు. నావికులందరూ చెప్పే మాట ఏమిటంటే, "మడవాలా వద్దా" అనే ఆలోచన మనసులోకి వచ్చిందంటే అప్పుడే మడిచెయ్యాలి. గాలి ముదిరాక, కెరటాలు నావ మీదుగా దొర్లుతుండగా ఆ పని చెయ్యబోతే మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది సర్దుబాటు. ఈ మాట చెబితే మనకు బాగా అర్థమవుతుంది. నావ ఒక పక్కకు పూర్తిగా ఒరిగినా కదలని విధంగా ప్రతి వస్తువునూ కట్టెయ్యాలి. అలమర తలుపులకు గడియలు ఉండాలి. కత్తి, గిన్నె, సీసా ఏదీ విడిగా ఉండకూడదు. మామూలుగా బల్ల మీద ఉండే డబ్బా, తుపానులో తలకు తగిలే రాయి అవుతుంది. నావలో పొయ్యిని ఊయలలా వేలాడదీస్తారు. నావ ఎటు ఒరిగినా గిన్నె మాత్రం నిటారుగానే ఉంటుంది. మూత బిగుసుకుంటుంది గనుక ప్రెషరు కుక్కరు దూరప్రయాణపు నావల్లో ఎంతో ఉపకారి. తుపాను ముదిరితే పొయ్యి వెలిగించడం కుదరదు కాబట్టి ముందే వండుకుని, వేడినీళ్ళు, చారు ఫ్లాస్కుల్లో పోసి పెట్టుకుంటారు. కడుపులో వేడి పదార్థం లేకపోతే ఆ చలికి చేతులు మొద్దుబారి, బుద్ధి కూడా మందగిస్తుంది. తుపానులో పొరపాటు నిర్ణయాలకు సగం కారణం ఆకలి, నిద్రలేమి, వాంతులే. కనుక వంట అంటే చిన్న పని అనుకోకండి. నడిసముద్రంలో ప్రాణరక్షణ సామగ్రిలో అదీ ఒకటి.

మూడోది మనిషి నీళ్ళలో పడకుండా చూసుకోవడం. నావ ముందు నుంచి వెనుక దాకా బలమైన పట్టాలు బిగించి ఉంటాయి. పైకి వచ్చే ప్రతి ఒక్కరూ నడుముకు, భుజాలకు వేసుకున్న జీను తాడును ఆ పట్టాకు కొక్కెంతో తగిలించుకోవాలి. గుమ్మం దాటకముందే తగిలించుకోవాలి, లోపలికి దిగాకే విప్పాలి. "ఒక చెయ్యి నావకు, ఒక చెయ్యి నీకు" అన్నది పాత నావికుల సూత్రం. అంత పెద్ద కెరటాల్లో పడ్డ మనిషి తల రెండు నిమిషాల్లో కనుమరుగవుతుంది. నావను వెనక్కి తిప్పి వెతకడం దాదాపు అసాధ్యం.

నాలుగోది వంతులు. అందరూ ఒక్కసారే మెలకువగా ఉంటే అందరూ ఒక్కసారే సొమ్మసిల్లుతారు. అందుకని ఇద్దరు పైన చుక్కాని పట్టుకుంటే, తక్కినవాళ్ళు తడిబట్టలు విప్పి పడుకోవాలి. నిద్ర పట్టకపోయినా పడుకోవాలి.

ఇన్నీ చేశాక అసలు తుపాను మీద పడితే? మూడు పద్ధతులున్నాయి. ఒకటి, గాలివాలున పరుగెత్తడం. గాలిని వీపు వెనుక పెట్టుకుని దానితోపాటే పోవడమన్నమాట. తారిణి పడమటి నుంచి తూర్పుకు వెళ్ళడంలో ఉన్న తెలివి అదే, అక్కడి గాలి ఎక్కువగా వెనుక నుంచే వస్తుంది. అయితే నావ మరీ వేగమెక్కి కెరటం మీద నుంచి జారితే ముక్కు ముందున్న పల్లంలో గుచ్చుకుని, అడ్డం తిరిగి పడిపోతుంది. అందుకని చుక్కాని పట్టిన మనిషి ప్రతి కెరటాన్నీ వెనుక నుంచి సరిగ్గా తీసుకోవాలి. వేగం తగ్గించడానికి పొడుగాటి మోకులను గాని, గరాటాల్లాంటి గుడ్డసంచులను గాని నావ వెనుక నీళ్ళలోకి వదులుతారు. అవి నీటిని పట్టుకుని వెనక్కి లాగుతాయి.

రెండోది, నావను నిలవేయడం. ముందు చిన్న చాపను గాలికి ఎదురు బిగించి, చుక్కానిని దానికి వ్యతిరేకంగా కట్టేస్తే రెండూ ఒకదాన్నొకటి అడ్డుకుని నావ దాదాపు ఆగి, పక్కకు నెమ్మదిగా జరుగుతుంది. అలసిపోయిన వాళ్ళకు నాలుగు గంటల విశ్రాంతి దొరుకుతుంది. మూడోది, పెద్ద గొడుగులాంటి నీటి లంగరును ముక్కు నుంచి వదిలి, నావ ముఖాన్ని కెరటాలకు ఎదురుగా నిలబెట్టడం. ఏది మంచిది అంటే ఒకే జవాబు లేదు. నావ తీరును బట్టి, మనుషుల ఓపికను బట్టి, ఒడ్డు ఎంత దూరముందో దాన్ని బట్టి తేల్చుకోవాలి.

ఒడ్డు మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. తుపానులో ఒడ్డుకు చేరితే చాలు అనుకుంటాం మనం. నావికులు అలా అనుకోరు. లోతైన నీటిలో కెరటం లేచి దిగుతుంది, లోతు తగ్గిన చోట విరిగి పడుతుంది. నదీముఖంలో ఇసుకమేట మీద విరిగే కెరటం ఎంతటి పడవనైనా తలకిందులు చేస్తుంది. మన గోదావరి మొగ దగ్గర వేటగాళ్ళు భయపడేది అందుకే. కాబట్టి తుపాను ఒడ్డుకు చేరకముందే రేవులో ఉండాలి, అది కుదరకపోతే ఒడ్డుకు దూరంగానే ఉండాలి. రెంటికీ మధ్య చిక్కుకోవడమే అన్నిటికన్నా అపాయం.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఆపద రాకపోదు. కేప్ టౌన్ నుంచి ఇంటి దారి పట్టిన తారిణికి హిందూ మహాసముద్రంలో చుక్కాని తిప్పే యంత్రాంగం చెడిపోయింది. అనుకోని మజిలీగా 2018 ఏప్రిల్ 18న మారిషస్ రేవు పోర్టు లూయీకి చేరి, బాగు చేయించుకుని మళ్ళీ బయలుదేరారు. ఇంటికి దగ్గరపడ్డాం కదా, ఎలాగో నెట్టుకొద్దామని ముందుకు పోలేదు చూశారా, గొప్పతనం అక్కడుంది.

అదే ఏడాది సెప్టెంబరులో మన నౌకాదళం వాడే అయిన అభిలాష్ టోమీ ఒంటరిగా ప్రపంచం చుట్టే పందెంలో ఉన్నాడు. అంతకు ముందు 2012-13లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి వచ్చిన మొదటి భారతీయుడు అతడు. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను అతని నావను దొర్లించేసింది. తెరచాప కొయ్య విరిగింది, అతని వెన్ను దెబ్బతింది, కదలలేక లోపల పడి ఉన్నాడు. మూడు రోజులకు ఒసిరిస్ అనే ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. నేర్పు ఎంత ఉన్నా సముద్రం ముందు మనిషి మనిషే. అతడు కోలుకుని 2022-23లో మళ్ళీ అదే పందెంలో దిగి రెండో స్థానం తెచ్చుకున్నాడు. ఆ పందెంలో మొదట వచ్చింది ఎవరనుకున్నారు? కిర్‌స్టెన్ నోయిషేఫర్ అనే దక్షిణాఫ్రికా మహిళ! దారిలో నావ మునిగిపోయిన తోటి పోటీదారుణ్ణి కాపాడి మరీ గెలిచింది.

నావ వదిలెయ్యాలా వద్దా అన్నదానికి 1979 ఆగస్టులో ఇంగ్లండు దగ్గర జరిగిన ఫాస్ట్‌నెట్ పందెం పెద్ద పాఠం. 303 నావలు వెళ్ళాయి. తుపానులో 15 మంది పోటీదారులు చనిపోయారు. భయంతో 24 నావలను వదిలేసి కొందరు రబ్బరు తెప్పల్లోకి దిగారు. తీరా చూస్తే వదిలేసిన వాటిలో ఐదు మాత్రమే మునిగాయి, తక్కినవి ఖాళీగా తేలుతూ దొరికాయి. కొన్ని తెప్పలే తలకిందులయ్యాయి. కనుక నావ కాళ్ళ కింద తేలుతున్నంతసేపూ దాన్ని వదలకూడదు.

ఇప్పుడు మన ఊరి మాటకు వద్దాం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపానును మనలో చాలామంది మరిచిపోలేరు. కొబ్బరి తోటలు పడిపోవడం ఒక ఎత్తు, వేటకు వెళ్ళి తిరిగి రాని వాళ్ళ కోసం ఒడ్డున ఎదురుచూడటం ఒక ఎత్తు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఇలాంటివి మళ్ళీ వస్తాయి. మహాసముద్రాలు దాటిన వాళ్ళ నుంచి మనం నేర్చుకోవలసినవి మూడున్నాయి.

మొదటిది, గాలి దిక్కు గమనించడం. తుపాను మనకు దక్షిణాన, మచిలీపట్నం వైపు తీరం దాటితే మన మీదికి వచ్చేది సముద్రపు గాలి. ఉప్పెన భయం అప్పుడే ఎక్కువ. ఉత్తరాన, విశాఖ వైపు దాటితే నేల మీది నుంచి గాలి వస్తుంది. సరిగ్గా మన మీదుగా దాటితే నడుమ గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. "అమ్మయ్య, తగ్గింది" అని బయటికి రాకండి. అది తుపాను కన్ను. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి గాలి అంతే ఉద్ధృతంగా కొడుతుంది.

రెండోది, హెచ్చరికను నమ్మడం. రేవుల్లో ఎగరేసే తుపాను సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్నాయి. ఒకటీ రెండూ దూరాన తుపాను ఉందని చెబుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదానికి గుర్తు. పదకొండు అంటే కబుర్లు అందే దారే తెగిపోయిందని. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తును ముందుగానే లెక్కకట్టి జాలరులకు తెలియజేస్తోంది. సముద్రం మీద ఆపదలో ఉంటే తీరరక్షక దళాన్ని పిలిచే నంబరు 1554. ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి, పిల్లలకు కంఠతా పట్టించండి.

మూడోదే అసలైనది. తెరచాపను ముందుగా మడిచే ధైర్యం. వేటకు వెళ్ళేవాళ్ళ ఇంట్లో ఈ నిర్ణయం ఎంత కష్టమో ఆ ఇల్లాళ్ళకు తెలుసు. డీజిలు పోయించారు, ఐసు వేయించారు, అప్పు తెచ్చారు. ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది. ఇప్పుడు ఆగితే ఆ ఖర్చంతా ఎవరిస్తారు? "ఈ ఒక్క వేటకు వెళ్ళి వచ్చేస్తాం" అంటారు మగవాళ్ళు. అక్కడ గట్టిగా నిలబడవలసింది మనమే. సొమ్ము పోతే మరో సీజనులో సంపాదించుకోవచ్చు. పడవ సర్దేటప్పుడు లైఫ్ జాకెట్టు ఎక్కిందా, వైర్‌లెస్సు పనిచేస్తోందా, తాగునీళ్ళు రెండు రోజులకు మించి ఉన్నాయా అని అడగడం సణుగుడు కాదు. మహాసముద్రాలు దాటేవాళ్ళు బయలుదేరే ముందు చూసుకునేవీ ఇలాంటివే.

ఆడది పడవెక్కితే అరిష్టమనే మాట తీరంలో పెద్దవాళ్ళ నోట అప్పుడప్పుడు వినిపించేది. ఆరుగురు ఆడపిల్లలు కేప్ హార్న్ దాటి వచ్చారు. వాళ్ళ తరువాత 2024 అక్టోబరు 2న దిల్న, రూప అనే ఇద్దరే అదే తారిణిలో బయలుదేరి, 2025 మే 29న క్షేమంగా గోవా చేరారు. సముద్రానికి ఆడా మగా తేడా లేదు. అది అడిగేది ఒక్కటే, ముందుగా సిద్ధపడ్డావా లేదా అని.

ఈసారి వాయుగుండం కబురు రేడియోలో విన్నప్పుడు ఒక్క నిమిషం వాకిట్లోకి వెళ్ళి, గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎడమచెయ్యి చాచి పిల్లలకు చూపించండి, తుపాను అటు ఉందని. భయపడటం కన్నా తెలుసుకోవడం మేలు కదండీ.